పంజరంలో చిలకకి ఎండ

పోయిన నెల ఆఫీసులో అందరికీ హెల్త్ చెకప్ చేయించారు. రిపోర్టులొచ్చిన రోజు కాఫీ మిషను దగ్గర ఒకటే చర్చ. షుగరు, కొలెస్టరాలు ఎవరికెంతో దాచుకున్నారు గానీ విటమిన్ డి మాత్రం క్రికెట్ స్కోరులా బాహాటంగా చెప్పేసుకున్నారు. ఒకడు పన్నెండు, ఒకావిడ పద్నాలుగు, మా మేనేజరు ఏడు. నాది తొమ్మిది. ముప్ఫై దాటితే మంచిదని కాగితం మీద రాసుంది.

"ఎండలోకి వెళ్తుంటారా?" అనడిగింది డాక్టరమ్మ.

"రోజూ వెళ్తానండీ. పొద్దున గంట, సాయంత్రం గంటన్నర, కార్లో."

ఆవిడ నవ్వి, "అద్దంలోంచి రాదండీ" అంది.

అంతే. వారానికొకటి చొప్పున ఎనిమిది పొడి ప్యాకెట్లు రాసిచ్చి పంపించేసింది. కానీ ఆ "అద్దంలోంచి రాదు" అన్న ముక్క నాతోపాటు లిఫ్టులో దిగి, కారెక్కి ఇంటిదాకా వచ్చింది. ఎందుకంటే అద్దం వెనకాల ఎండలో కూర్చున్న ఇంకో జీవి నాకు గుర్తొచ్చింది. దాని పేరు రాముడు. మా చిలక.

మాది ఉయ్యూరు. బందరు రోడ్డు మీద బెజవాడ నుంచి వస్తుంటే చెరుకు పాకం వాసన ఎక్కడ మొదలైతే అదే మా ఊరని చిన్నప్పుడు చుట్టాలకి గుర్తు చెప్పేవాళ్ళం. ఏటా చలికాలంలో వీరమ్మతల్లి తిరునాళ్ళు పదిహేను రోజులు జరుగుతాయి. 1985 తిరునాళ్ళలో నేను ఏడుపు లంకించుకుంటే తాతయ్య కొనిచ్చిన చిలక అది. రంగులరాట్నం పక్కన ఒకాయన వెదురు బుట్టలో ఈకలు కూడా సరిగ్గా రాని పిల్లల్ని పెట్టుకుని అమ్ముతున్నాడు. అప్పట్లో అదేం పెద్ద వింత కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోనే వచ్చినా, మన దేశవాళీ పక్షుల వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించింది 1990-91లో. ఇప్పుడు రామచిలకని ఇంట్లో పెంచడం నేరం. ఈ కథ చదివి ఎవరైనా చిలకని తెచ్చుకుందామనుకుంటే ఇక్కడే ఆగిపోండి. చెప్పబోయేది కూడా ముచ్చటైన కథేం కాదు.

రాముడి పంజరం మా వసారాలో దూలానికి వేలాడేది. జామకాయ, పచ్చిమిరపకాయ, నానబెట్టిన శనగలు, మా పెరట్లో కాసిన దొండపండ్లు.. ఇదీ వాడి మెనూ. పొద్దున తొమ్మిదీ పది మధ్యలో నాయనమ్మ పంజరాన్ని దించి వాకిట్లో అరుగు మీద పెట్టేది. సగం పంజరం మీద తడిపిన గోనెపట్టా కప్పేది. వాడు కాసేపు ఎండలోకొచ్చి రెక్కలు విప్పుకుని, మెడ వంచి ముక్కుతో ఈకలు దువ్వుకుని, వేడెక్కగానే గోనె నీడలోకి జరిగిపోయేవాడు. పంజరం గోడకి దగ్గరగా పెడితే ముక్కు బయటికి పెట్టి వెల్లవేసిన సున్నాన్ని గీకి గీకి తినేవాడు. వాడు గీకినంత మేరా గోడ మీద ఒక మ్యాపులాగా ఉండేది.

ఇక్కడ కొంతమంది మిత్రులు "చూశారా, మన పెద్దవాళ్ళకి అన్నీ తెలుసు, విటమిన్ డి కూడా తెలుసు" అని మొదలెడతారని నాకు తెలుసు :) అయ్యా, మా నాయనమ్మకి విటమిన్ అనే మాటే తెలీదు. పంజరం బయట పెట్టింది ఎందుకంటే ఆ టైములో వసారా కడగాలి, రాముడు కింద చేసిన చెత్త అంతా ఇంతా కాదు. గోనెపట్టా ఎందుకంటే నల్లులు చస్తాయని, చల్లగా ఉంటుందని. సున్నం తిన్నందుకు వాణ్ణి తిట్టేది కూడా. కారణం తెలియకుండా సరైన పని జరగడం వేరు, తెలిసి చేయడం వేరు. మొదటిదానికి ఒక ప్రమాదం ఉంది. ఇల్లు మారగానే ఆ పని మాయమైపోతుంది, పోయిందని కూడా ఎవరికీ తెలీదు. డాక్యుమెంటేషన్ లేని కోడ్‌ని కొత్త సర్వర్ మీదకి మార్చినవాళ్ళకి నేను చెప్పేది బాగా అర్థమవుతుంది.

సరే, అసలు పక్షికి ఎండెందుకు? ఈ ప్రశ్నకి జవాబు దొరకడానికి మనుషులకి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది. తమాషా ఏంటంటే, మనుషుల ఎముకల సంగతి తేల్చడానికి వెళ్ళి మధ్యలో కోళ్ళ సాయం తీసుకున్నారు.

పారిశ్రామిక విప్లవం తరువాత ఇంగ్లండు నగరాల్లో పిల్లలకి కాళ్ళు దొడ్డికాళ్ళయిపోయేవి. రికెట్స్ అంటారు. పొగ, ఇరుకు సందులు, ఎండ లేని వాతావరణం. 1889లో లండన్ జంతు ప్రదర్శనశాలలో సింహం పిల్లలకీ ఇదే జబ్బు వస్తే, జాన్ బ్లాండ్-సటన్ అనే సర్జను వాటికి పాలు, నూరిన ఎముకలు, కాడ్ చేప కాలేయం నూనె పెట్టించాడు. సింహం పిల్లలు లేచి తిరిగాయి. ఆ మరుసటి ఏడాదే, జపానులో మిషనరీ వైద్యుడిగా పని చేసొచ్చిన థియోబాల్డ్ పామ్ అనే ఆయన, ఆసియా దేశాల్లో ఉన్న తోటి వైద్యుల నుంచి ఉత్తరాలు తెప్పించుకుని, ఎండ బాగా ఉన్న చోట పేదరికం ఎంతున్నా ఈ జబ్బు తక్కువగా ఉందని రాశాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చేప నూనె అన్నవాళ్ళది ఒక దారి, ఎండ అన్నవాళ్ళది ఇంకో దారి. తినే వస్తువూ, మీద పడే వెలుతురూ ఒకే పని చేస్తాయంటే ఎవరు నమ్ముతారు చెప్పండి?

1919లో రెండు దారులూ దగ్గరికొచ్చాయి. ఇంగ్లండులో ఎడ్వర్డ్ మెలన్బీ కుక్కపిల్లల్ని ఇంట్లోనే కట్టేసి, తిండి మార్చి రికెట్స్ తెప్పించి, చేప నూనెతో తగ్గించాడు. అదే ఏడాది బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ పాదరసపు దీపం కింద పిల్లల్ని కూర్చోబెట్టి తగ్గించాడు. ఈయన చేసిన ఒక పని నాకు భలే నచ్చుతుంది. పిల్లవాడి ఒక చేతి మీదే కాంతి పడేట్టు చూశాడు. రెండో చేతి ఎముక కూడా బాగుపడింది. అంటే కాంతి ఎముకని నేరుగా ముట్టుకోవట్లేదు, చర్మంలో ఏదో పుట్టి రక్తంలో ప్రయాణిస్తోందన్నమాట. 1922లో అమెరికాలో మెకాలమ్ చేప నూనెలో ఉన్న ఆ పదార్థానికి వరసలో నాలుగో అక్షరం తగిలించాడు. అప్పటికి ఏ, బీ, సీ అయిపోయాయి.

ఈ రోజుల్లోనే మన భీమవరం కుర్రాడొకాయన అమెరికా చేరాడు. యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన పేరు చెప్పగానే అందరికీ ఫోలిక్ యాసిడ్, క్యాన్సరు మందులు గుర్తొస్తాయి. కానీ ఆయన పేరు మొదట ప్రపంచమంతా తెలిసింది 1925లో, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కీతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ని రంగుతో కొలిచే పద్ధతి వల్ల. దానికీ మన చిలకకీ సంబంధమేంటంటారా? ఎముక అంటే ముఖ్యంగా కాల్షియం, ఫాస్ఫరస్. రికెట్స్ పిల్లల రక్తంలో ఫాస్ఫరస్ పడిపోతుందని అప్పుడప్పుడే తేలింది. ఎవరికి జబ్బు ముదిరింది, ఎవరికి తగ్గుతోంది అని చెప్పాలంటే అది నమ్మకంగా కొలవాలి. తరువాత దశాబ్దాల పాటు ఎముకల మీద పనిచేసిన ప్రయోగశాలల్లో ఫిస్కీ-సుబ్బారావు పద్ధతి అనేది గరిటె, చట్టిలాంటి రోజువారీ పనిముట్టయిపోయింది. మన స్కూలు పుస్తకాల్లో ఆయన గురించి ఒక పేరా ఉంటే గొప్ప, అందులో ఈ సంగతి అస్సలుండదు.

ఇక కోళ్ళు. అమెరికాలో చలికాలంలో కోడిపిల్లల్ని షెడ్డులో పెంచుదామంటే కొన్ని వారాలకే కాళ్ళు పడిపోయేవి. దీన్ని కాళ్ళ నీరసం అనేవాళ్ళు. విస్కాన్సిన్‌లో హార్ట్, హాల్పిన్, స్టీన్‌బాక్ 1922 ప్రాంతంలో దీని వెంట పడ్డారు. కాన్సాస్‌లో హ్యూస్ బృందం 1925లో ఇంకో అడుగు ముందుకేసి, అతినీలలోహిత కాంతిలో ఉన్న పెట్టలు పెట్టే గుడ్లలో రికెట్స్‌ని ఆపే గుణం ఎక్కువని చూపించింది. మామూలు కిటికీ అద్దం ఈ కాంతిని ఆపేస్తుందని కూడా ఆ రోజుల్లోనే తేటతెల్లమైంది. కావలసిన కిరణాలు దాదాపు 290 నుంచి 315 నానోమీటర్ల మధ్యవి. అద్దం వెలుతుర్ని రానిస్తుంది, వేడిని రానిస్తుంది, ఈ కిరణాల్ని మాత్రం గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. ఇవతల కూర్చున్నవాడికి ఎండలో కూర్చున్నట్టే ఉంటుంది.

తరువాత వచ్చిన చిక్కు ఇంకా బాగుంటుంది. అతినీలలోహిత కాంతి పడితే తిండిలోనే విటమిన్ డి పుడుతుందని స్టీన్‌బాక్ 1924లో కనిపెట్టాడు. మొక్కల్లో, ఈస్టులో ఉండే ఎర్గోస్టెరాల్ మీద కాంతి వేసి మందు తయారు చేశారు. ఎలుకలకి బ్రహ్మాండంగా పనిచేసింది, పిల్లలకి పనిచేసింది. కోళ్ళకి పెడితే అంతగా పని చేయలేదు! చేప నూనెతో అదే కొలత ఇస్తే కోళ్ళు కులాసాగా ఉన్నాయి. 1932లో విస్కాన్సిన్ వాళ్ళే ఈ తేడాని అచ్చేశారు. అంటే ఇంతకాలం ఒకటే అనుకున్నది రెండు వస్తువులన్నమాట. ఆ తేడా వెంట పడగా పడగా, 1928లోనే నోబెల్ అందుకున్న జర్మన్ రసాయన శాస్త్రవేత్త విండౌస్ 1930ల నడుమ జంతువుల చర్మంలో ఎండకి తయారయ్యే అసలు సరుకుని పట్టుకున్నాడు. మొక్కల మీద కాంతి వేసి చేసింది డి2, చర్మంలో పుట్టేది డి3. పక్షి ఒంటికి డి2 దాదాపు పనికిరాదు. ఈ సంగతి పసిగట్టింది మనిషి కాదు, కోడిపిల్ల కాళ్ళు.

అక్కడితో కోడి వదల్లేదు. విటమిన్ డి ఒంట్లో ఎక్కడ పని చేస్తుందో చూపించే గ్రాహకాన్ని హాస్లర్, నార్మన్ 1969లో మొదట చూసింది కోడిపిల్ల పేగులోనే. నేను మింగుతున్న పొడి ప్యాకెట్ వెనకాల ఎన్ని కోళ్ళున్నాయో లెక్క లేదు. అన్నట్టు ఆ పొడిలో 60,000 యూనిట్లు అని పెద్ద అంకె వేస్తాడు గానీ బరువు చూస్తే మిల్లీగ్రామున్నర. చాలావరకు గొర్రె ఉన్ని జిడ్డులోంచి తీసిన కొలెస్టరాల్‌ని మార్చి, దాని మీద అతినీలలోహిత కాంతి వేసి తయారు చేస్తారు. శాకాహారులమని మందులసీసా మీద ఆకుపచ్చ చుక్క వెతుక్కునేవాళ్ళకి ఈ కబురు చెబితే నన్ను శపిస్తారు.

సరే, చర్మంలో పుడుతుంది అన్నారు. మరి చిలక ఒళ్ళంతా ఈకలు కదా, ఎండ చర్మానికి ఎక్కడ తగులుతుంది?

దీనికి చాలాకాలం ఒక అందమైన జవాబు చలామణిలో ఉండేది. పక్షి తోక మొదట్లో ఒక నూనె గ్రంథి ఉంటుంది. పక్షి ముక్కుతో ఆ నూనె తీసి ఈకలకి రాసుకుంటుంది. ఆ నూనె మీద ఎండ పడి విటమిన్ డి తయారవుతుంది, మళ్ళీ ఈకలు దువ్వుకున్నప్పుడు నోట్లోకి పోతుంది. 1920ల చివర్లో పెకింగ్‌లో హూ అనే చైనా శాస్త్రవేత్త కోళ్ళకి ఆ గ్రంథి తీసేస్తే ఎండలో ఉన్నా రికెట్స్ వస్తోందని రాశాడు. బాగుంది కదూ? మనకీ నచ్చేస్తుంది, ఎందుకంటే ఎండలో కూర్చున్న చిలక నిజంగానే ఆ పనే చేస్తుంటుంది. కానీ 1935లో విస్కాన్సిన్ వాళ్ళు మళ్ళీ చేసి చూస్తే గ్రంథి తీసేసినా ఎండ తగిలిన కోళ్ళు బాగానే ఉన్నాయి. 1941లో కోక్ దంపతులు కోడి ఒళ్ళంతా వెతికితే ముడిసరుకు ఎక్కువగా దొరికింది నూనె గ్రంథిలో కాదు, ఈకలు లేని కాళ్ళ చర్మంలో! 1994లో హోలిక్ బృందం కొలిచి చూస్తే వీపు చర్మం కన్నా కాళ్ళ చర్మంలో దాదాపు ముప్ఫై రెట్లు ఉందని తేలింది. పైగా దక్షిణ అమెరికాలో అమెజాన్ జాతి చిలకలకి అసలా నూనె గ్రంథే ఉండదు, అవి మాత్రం బతకట్లేదా?

అంటే మా రాముడు ఈకలు దువ్వుకుంటున్నది ముచ్చట కోసమైతే అయ్యుండొచ్చు. అసలు పని జరిగింది అరుగు మీద కమ్మీని పట్టుకున్న ఆ బూడిదరంగు కాళ్ళలో, కంటి చుట్టూ ఉన్న సన్నటి చర్మంలో.

అన్ని చిలకలూ ఒకలాంటివి కావు. 2006లో ఇంగ్లండు పశువైద్యుడు స్టాన్‌ఫర్డ్ ఇంట్లో పెంచే చిలకలకి అతినీలలోహిత దీపం పెట్టి చూస్తే, ఆఫ్రికా బూడిదరంగు చిలకల రక్తంలో విటమిన్ డి, కాల్షియం పెరిగాయి. దక్షిణ అమెరికా చిలకల్లో కాల్షియంలో అంత తేడా కనబడలేదు. మకావ్‌లకైతే మందు రూపంలో ఎక్కువ పడితే విషమే. కాబట్టి మన 60,000 యూనిట్ల ప్యాకెట్‌లోంచి చిటికెడు తీసి ఎవరి పిట్టకీ పెట్టకండి. ఎండతో ఆ భయం లేదు. చర్మంలో మోతాదు మించితే అదనంగా వచ్చిన సరుకుని అదే ఎండ పనికిరాని పదార్థాలుగా మార్చేస్తుంది. ఇంత చక్కటి రేట్ లిమిటర్ నేను ఇంతవరకు రాయలేదు. వడదెబ్బ సంగతి వేరే అనుకోండి. మే నెలలో కృష్ణా జిల్లా ఎండలో నీడ లేకుండా పంజరం పెడితే విటమిన్ తయారయ్యేలోపు పక్షి పోతుంది. నాయనమ్మ గోనెపట్టాకి నా నమస్కారం అందుకే, కారణం ఏదైనా.

ఇప్పుడు మనుషుల దగ్గరికి, మన దగ్గరికి వద్దాం. "ఇంత ఎండ కాసే దేశంలో మనకి తక్కువేంటి" అని నేనూ అనుకునేవాణ్ణి. దీని మీద గట్టిగా పని చేసింది ఎక్కడో కాదు, తిరుపతి స్విమ్స్‌లో. సి.వి. హరినారాయణ్ గారి బృందం 2000ల్లో ఆ చుట్టుపక్కల పల్లెల్లో, తిరుపతి పట్టణంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తం పరీక్ష చేసి 2007లో ప్రచురించింది. పట్టణం వాళ్ళకన్నా పొలంలో పనిచేసే పల్లెవాళ్ళకి మెరుగు. కానీ తక్కువ ఉన్నవాళ్ళు రెండు చోట్లా బోలెడు. దానికి తోడు మన తిండిలో కాల్షియం తక్కువ, ధాన్యాల్లో ఉండే ఫైటేట్లు ఆ ఉన్న కాస్తనీ పట్టేసుకుంటాయి. తరువాత వాళ్ళు ఇంకో పని చేశారు. చర్మంలో ఉండే ముడిసరుకుని గాజు ఆంప్యూళ్ళలో పోసి, పొద్దున్నించి సాయంత్రం దాకా గంటగంటకీ తిరుపతి ఎండలో పెట్టి ఎంత మారిందో కొలిచారు. ఏడాది పొడుగునా ఎక్కువగా మారేది పదకొండు నుంచి రెండు గంటల మధ్య! అంటే మనం ఆఫీసులో ఏసీ కింద కూర్చుని, మధ్యాహ్నం భోజనం కూడా ఐదో అంతస్తులో తినే టైమన్నమాట. పొద్దున్నే ఆరింటికి వాకింగ్ చేసి "నేను ఎండలో తిరుగుతాను కదా" అనే బాపతు నేను కూడా. ఆ ఎండ బంగారు రంగులో బావుంటుంది, అంతే. మన నీడ మనకన్నా పొట్టిగా ఉన్నప్పుడే అసలు ఎండ అని ఒక బండ గుర్తు. ఉయ్యూరు అక్షాంశం తిరుపతికన్నా మూడు డిగ్రీలు ఉత్తరం, కథలో పెద్ద తేడా ఉండదు.

లండన్‌లో ఆన్‌సైట్ చేసినవాళ్ళు అక్కడి పార్కుల్లో మన రామచిలకల్ని చూసే ఉంటారు. మొదటిసారి రిచ్‌మండ్ దగ్గర ఆ అరుపు వినగానే నేను గబుక్కున జామచెట్టు కోసం చూశాను. ఎవరో పెంచుకుంటే తప్పించుకున్నవో, వదిలేసినవో, 1970ల నుంచి అక్కడ గుంపులు కట్టాయి. ఒక రాక్ గాయకుడు వదిలాడని కథలు కూడా చెబుతారు, అవి నమ్మక్కర్లేదు. ఆ దేశంలో అక్టోబరు నుంచి మార్చి దాకా ఎండలో ఆ కిరణాలు దాదాపు ఉండవు. అయినా వేసవంతా బయటే చెట్ల మీద ఉంటాయి కాబట్టి మన చిలకలు బతికి బట్టకట్టాయి. అదే కాలంలో అక్కడికి వలస వెళ్ళిన మన ఉపఖండం మనుషుల పిల్లలకి గ్లాస్గోలో, ఇంకా చాలా ఊళ్ళలో రికెట్స్ వచ్చింది. డన్నిగన్ 1962లోనే దీన్ని బయటపెట్టాడు. 1981లో ప్రభుత్వం ప్రచార కార్యక్రమం కూడా పెట్టాల్సొచ్చింది. రంగు ముదురు చర్మం, ఇంటిపట్టున ఉండటం, చపాతీల్లో ఫైటేట్లు, సన్నటి ఎండ.. అన్నీ కలిసి. ఊరు మారిన రెండు జాతుల్లో గూడు బయట కట్టుకున్నదే బాగుపడింది.

మళ్ళీ రాముడి దగ్గరికి.

మన తెలుగు కథల్లో చిలక ఎప్పుడూ పంజరంలోనే ఉంటుంది, గమనించారా? పాలవేకరి కదిరీపతి శుకసప్తతిలో ఇంటావిడ గడప దాటకుండా రాత్రంతా కథలు చెప్పేది చిలకే. తాను గడప దాటే దారి దానికీ లేదు. కంచర్ల గోపన్న పన్నెండేళ్ళు గోల్కొండ చెరలో ఎందుకున్నాడంటే పూర్వజన్మలో ఒక చిలకని పన్నెండేళ్ళు పంజరంలో పెట్టాడు కాబట్టి అని మా నాయనమ్మ చెప్పేది. గోల్కొండ వెళ్ళినప్పుడు ఆ గది చూశాను. పైన కన్నంలోంచి కాస్త వెలుతురు పడుతుంది. ఆ కథ చెబుతూనే ఆవిడ రాముడికి జామకాయ ముక్క పెట్టేది. "మరి మన రాముడో?" అని నేనడిగితే "వాడికి మనం తప్ప ఎవరున్నార్రా" అనేది. చరిత్రకారులు ఆ పూర్వజన్మ సంగతి ఒప్పుకోరు గానీ, పంజరం ఒక నేరం అని మనవాళ్ళు చట్టం కన్నా చాలా ముందే అనుకున్నారనడానికి ఆ కథే సాక్ష్యం. అనుకున్నారు, ఆపలేదు.

1994లో నాయనమ్మ పోయాక మేం బెజవాడ మారాం. మూడో అంతస్తు ఫ్లాటు. మొదట్లో రాముడి పంజరం బాల్కనీలో ఉండేది. తరువాత హాల్లోకి వచ్చింది, పెద్ద అద్దం కిటికీ పక్కన. పొద్దుటిపూట ఎండ నేరుగా వాడి మీదే పడేది. గోడలకి డిస్టెంపరు, గీకడానికి సున్నం లేదు. ఎక్కువగా పొద్దుతిరుగుడు గింజలు పెట్టేవాళ్ళం, ఇష్టంగా తినేవాడు. ఆ గింజల్లో కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ, విటమిన్ డి సున్నా. ఇవన్నీ ఇప్పుడు తెలిసినవి. 1996 వేసవిలో వాడు కమ్మీ మీద సరిగ్గా నిలబడలేకపోయాడు. ఒకరోజు కింద పడి కాలు విరిగింది. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన కాలు ముట్టుకుని, "ఎముకలో బలం లేదండీ, ఈ ఎత్తు నుంచి పడితే విరక్కూడదు" అన్నాడు. పుల్ల కట్టాడు. ఎక్స్‌రే, రక్తపరీక్ష ఏమీ లేవు. నాలుగు రోజులకి పోయాడు. చిలకలు పాతికేళ్ళు బతుకుతాయట, వాడికి పదకొండే. కాబట్టి విటమిన్ డి వల్లే అని నేను ప్రమాణం చేయలేను. కానీ పైన రాసిందంతా చదివాక వేరే అనుమానితుడు నాకు కనబడట్లేదు.

డాక్టరమ్మ మాట విన్న ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. నా తొమ్మిది గురించి చెప్పి, అద్దం సంగతి చెప్పి, రాముడి సంగతి ఎత్తాను.

"ఎండలోనే ఉండేవాడు కదరా, కిటికీ పక్కన" అన్నారు.

"అద్దంలోంచి రాదట నాన్నా. బాల్కనీలో ఉంచితే సరిపోయేది. అసలు లోపలికి ఎందుకు తెచ్చారు?"

కాసేపు మాట్లాడలేదు. టీవీ సౌండ్ తగ్గించినట్టున్నారు.

"నువ్వు ఎంసెట్‌కి చదువుకుంటున్నావు కదా. బాల్కనీ నీ గదికి ఆనుకుని ఉండేది. వాడు అరుస్తుంటే బుర్రకెక్కట్లేదన్నావు. నువ్వే హాల్లో పెట్టమన్నావురా."

నాకది గుర్తులేదు. అమ్మనడిగితే ఆవిడకి గుర్తుంది. ర్యాంకు వచ్చిన రోజు స్వీట్లు పంచుతుంటే హాల్లో పంజరం ఖాళీగా ఉందని కూడా చెప్పింది.